అర్చన అభినయం: ఎదురుచూపు నుంచి మౌనం దాకా

భరతుడు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా చెప్పాడు. తెలుగు రంగస్థలం వీటిలో వాచికానికే పెద్దపీట వేసింది. పద్యనాటక కాలంలో నటుడి స్థాయిని నిర్ణయించింది అతని గొంతు. వచన నాటకం వచ్చాక రాగం స్థానంలో సంభాషణ వచ్చింది గాని వినికిడికి ఉన్న ప్రాధాన్యం తగ్గలేదు. టాకీ ఆ అభిరుచినే తెరమీదికి తెచ్చింది. తెలుగులో సినిమాపై వెలువడే వ్యాసాలు ఇవాళ్టికీ నటనను అంచనా కట్టేటప్పుడు మొదట సంభాషణనూ, దాన్ని పలికిన తీరునూ చూస్తాయి. సాహిత్య శిక్షణ పొందినవారే ఎక్కువగా సినిమా విమర్శ రాస్తున్నందువల్ల ఈ మొగ్గు సహజమే. అయితే ఒక నటి చేసిన అతి గొప్ప పాత్ర అతి తక్కువ మాట్లాడేదైతే ఈ పద్ధతి ఆమె గురించి ఏమి చెప్పగలదు? అర్చన సినీ జీవితం విమర్శ ముందుంచే ప్రశ్న ఇది.

35వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో తమిళ చిత్రం ‘వీడు’కూ, మరుసటి ఏడు 36వ పురస్కారాల్లో తెలుగు చిత్రం ‘దాసి’కీ అర్చన ఉత్తమ నటిగా ఎంపికైంది. వరుసగా రెండేళ్లు, రెండు భాషల్లో. రెండూ తారల ఆకర్షణపై ఆధారపడని చిత్రాలే. తెలుగు చిత్రంలో నటనకు ఆ గౌరవం అంతకుముందు ఒక్కసారే దక్కింది. అది బి.ఎస్. నారాయణ ‘నిమజ్జనం’లో నటించిన శారదకు. ‘దాసి’ తరువాత రెండేళ్లకు ‘కర్తవ్యం’లో విజయశాంతి దాన్ని అందుకొంది. ‘కర్తవ్యం’లోని పోలీసు అధికారిణిని తెలుగు ప్రేక్షకులు ఇప్పటికీ ఆమె మాటలతో సహా గుర్తుంచుకొన్నారు. ‘దాసి’లోని కమలాక్షిని గుర్తుంచుకొన్నవారు తక్కువ. సామాన్య ప్రేక్షకుడికి అర్చన అనగానే మెదిలేది ‘లేడీస్ టైలర్’ సుజాత టీచరు. 2025లో ‘షష్టిపూర్తి’ చిత్రంలో రాజేంద్రప్రసాద్ సరసన ఆమె మళ్లీ కనిపించినప్పుడు కూడా ప్రచారం ప్రధానంగా ఆ పాత జంట చుట్టూనే తిరిగింది.

ఈ మరపుకు ‘దాసి’ వంటి చిత్రాలు ఎక్కువ థియేటర్లకు చేరకపోవడం ఒక కారణం. అది అందరూ చెప్పే కారణమే. దానికంటే లోతైనది మరొకటి ఉంది: ఆమె నటనను వర్ణించడానికి కావలసిన మాటలు తెలుగు విమర్శ సమకూర్చుకోలేదు. “సహజంగా నటించింది”, “పాత్రలో ఒదిగిపోయింది” అన్న రెండు వాక్యాల దగ్గరే ప్రశంస ఆగిపోతుంది. ఒదిగిపోవడం అంటే ఏమిటో, దేనిలో ఒదిగిపోయిందో విచారించినవారు అరుదు. బాలు మహేంద్ర, బి. నరసింగరావు, షాజీ ఎన్. కరుణ్ చిత్రాల్లో అర్చన చేసిన పాత్రలను కలిపి చూస్తే వాటికి ఒక సామాన్య లక్షణం కనిపిస్తుంది. ఆ స్త్రీలందరూ దేనికోసమో ఎదురుచూస్తారు, లేదా ఎదురుచూడటానికి ఏమీ మిగలని స్థితిలో ఉంటారు. ఆ ఎదురుచూపును ఆమె కళ్లతో కాక చేతులతో, అంటే చేస్తున్న పనితో నటించింది. ఆమె అభినయానికి కేంద్రం అక్కడుంది. (తారల విపణి, పంపిణీ వ్యవస్థల లెక్కలకు వెలుపల, దర్శకుడి దృష్టి ప్రధానంగా తీసిన చిత్రాలకు ఈ వ్యాసంలో ‘స్వతంత్ర సినిమా’ అన్న పేరు వాడటం జరిగింది. ‘సమాంతర’, ‘నవ్య’ అన్న పేర్లకున్న చర్చ ఇక్కడ అవసరం లేదు.)

‘నిరీక్షణ’: తెరవెనుక జరిగిన ఎదురుచూపు

ఎదురుచూసే స్త్రీ తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. అష్టవిధ నాయికల్లో వాసకసజ్జిక, విరహోత్కంఠిత, ప్రోషితభర్తృక ముగ్గురూ ఎదురుచూసేవారే. ప్రబంధ కవులు, పదకర్తలు ఈ నాయికలకు ఎంతో భాష ఇచ్చారు. అయితే ఆ ఎదురుచూపుకు ఒక షరతు ఉంది. నాయికకు వేరే పని ఉండకూడదు. పాన్పు సవరించడం, అలంకరించుకోవడం, చెలికత్తెతో మొరపెట్టుకోవడం, వెన్నెలను నిందించడం ఆమె వ్యాపకాలు. నీళ్లు మోసే, కట్టెలు కొట్టే నాయిక విరహం శాస్త్రపు లెక్కలోకి రాలేదు.

బాలు మహేంద్ర తెలుగులో తీసిన ‘నిరీక్షణ’ ఈ సంప్రదాయానికి ఒక అంచున నిలిచిన చిత్రం. అడవి పల్లెకు చెందిన తులసి, ఉద్యోగరీత్యా అక్కడికి వచ్చిన యువకుడు, వారి ప్రేమ, అతని జైలు జీవితం, విడుదలయ్యాక అతని తిరుగు ప్రయాణం, ఇంతే కథ. ఇదే ఇతివృత్తంతో ఆయన మలయాళంలో ‘యాత్ర’ తీశాడు. ఒకే కథకు రెండు భాషల్లో పెట్టిన పేర్లు గమనించదగినవి. మలయాళ శీర్షిక పురుషుడి ప్రయాణాన్ని చెబుతుంది, తెలుగు శీర్షిక స్త్రీ ఎదురుచూపును చెబుతుంది. కాని తెలుగు చిత్రం కూడా తన శీర్షికకు పూర్తిగా కట్టుబడలేదు. కథనం ఎక్కువ భాగం నాయకుడి వైపు నుంచే నడుస్తుంది. అతను జైల్లో గడిపిన కాలం ప్రేక్షకుడికి తెలుస్తుంది, తులసి గడిపిన కాలం తెలియదు. చివర వెలిగే దీపాలు ఆమె ఎదురుచూసిందన్న వార్తను చెబుతాయే గాని ఎలా ఎదురుచూసిందో చెప్పవు.

అర్చన ఈ చిత్రంలో చేయగలిగినంతా మొదటి సగంలోనే చేసింది. రవిక లేని చీరకట్టు ఆ రోజుల్లో ఎంతో చర్చకు వచ్చింది. దాన్ని సాహసమని మెచ్చినవారూ, వ్యాపార లక్ష్యమని తప్పుపట్టినవారూ ఆమె ఆహార్యాన్నే చూశారు. ఆ దుస్తుల్లో ఆమె నడక ఎలా ఉందో చూస్తే చర్చ మరోలా సాగేది. చూసేవారున్నారన్న స్పృహ ఆ నడకలో లేదు. అడుగు పూర్తిగా నేల మీద పడుతుంది. తరువాతి చిత్రాల్లో ఆమెకు ప్రధాన సాధనమైన శరీర భాషకు బీజం అక్కడే ఉంది. అంతమాత్రాన ‘నిరీక్షణ’ను అర్చన ఉత్తమ చిత్రాల్లో చేర్చడం అతిశయోక్తి అవుతుంది. దాన్ని ఇప్పటికీ నిలబెడుతున్నవి ఇళయరాజా బాణీలు, బాలు మహేంద్ర ఛాయాగ్రహణం.

గోదావరి సందడిలో ఒక నిశ్చలత

1986లో విడుదలైన వంశీ ‘లేడీస్ టైలర్’ స్వతంత్ర చిత్రం కాదు. కాని అర్చన ప్రస్థానంలో దాన్ని దాటవేయడం కుదరదు. వ్యాపార చిత్రాలూ కళాత్మక చిత్రాలూ రెండూ చేసిన నటి అని ఆమెను పొగిడేటప్పుడు ఈ రెండింటి మధ్య సంబంధం లేదన్నట్టు మాట్లాడటం అలవాటైంది. నిజానికి ఈ హాస్యచిత్రం ఆమె పద్ధతిని అర్థం చేసుకోవడానికి పనికివస్తుంది.

తనికెళ్ళ భరణి రాసిన సంభాషణలతో ఆ చిత్రం మాటల మీద నడుస్తుంది. టైలరు సుందరంగా రాజేంద్రప్రసాద్, బట్టల సత్తిగా మల్లికార్జునరావు, సీతారాముడిగా శుభలేఖ సుధాకర్ ఒకరి మాట మీద ఒకరు మాట వేస్తూ పోతారు. అమలాపురం, రాజోలు, నగరం ప్రాంతాల ప్రేక్షకులకు ఆ మాట తీరు, కాలువ గట్టు మీద నిలబడి చేసే ఆ వేళాకోళం, వాక్యం చివర దీర్ఘం తీసే ఆ ఒరవడి పరాయివి కావు. ఈ సందడి మధ్య సుజాత పాత్ర ఒక్కటే వేగాన్ని తగ్గిస్తుంది. తక్కిన స్త్రీ పాత్రలు సుందరం వెతుకులాటకు లక్ష్యాలుగా, హాస్యానికి నిమిత్తాలుగా వస్తాయి. సుజాత వచ్చినప్పుడు హాస్యం కాసేపు ఆగి, ఎదుటి మనిషి మాట వినవలసి వస్తుంది.

ఇక్కడ అర్చన చేసింది చిన్న పని. సమాధానం చెప్పేముందు ఒక్క క్షణం ఆగుతుంది. వంశీ చిత్రాల వేగంలో ఆ క్షణం బరువైనది. ఎదుటివాడు అబద్ధం ఆడుతున్నాడో లేదో తేల్చుకొనే సమయం అందులో ఉంది. స్త్రీ దేహంపై చూపును హాస్యానికి ముడిసరుకుగా వాడుకొన్న చిత్రమిది; ఆ విమర్శ దీనికి తప్పదు. ఆ చూపును తిప్పి చూడగలిగిన పాత్ర సుజాత ఒక్కతే. ఈ స్థాయిలో ఉన్న నటనను ప్రేక్షకుడు ఇష్టపడటంలో ఆశ్చర్యం లేదు. దాన్ని ‘హుందాతనం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టి, కథానాయిక మంచితనంగా భావించడం వల్లనే తరువాతి చిత్రాలతో దానికున్న చుట్టరికం కనిపించకుండా పోయింది.

ఇల్లు కట్టించుకొనే స్త్రీ, ఇల్లు కట్టే స్త్రీ

‘వీడు’ అంటే తమిళంలో ఇల్లు. మద్రాసులో చిన్న ఉద్యోగం చేసుకొంటూ తాతనూ చెల్లెలినీ పోషించే సుధ, అద్దె ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చి, ఉన్న కాస్త స్థలంలో సొంత ఇల్లు కట్టుకోవాలని బయలుదేరుతుంది. అప్పు, అనుమతులు, గుత్తేదారు మోసం, సిమెంటు దొంగతనం, ఆగిపోయిన పని, తాత మరణం, చివరికి ఆ స్థలమే ప్రభుత్వ సంస్థ సేకరణలో ఉందన్న వార్త. మధ్యతరగతి తెలుగు పాఠకుడికి ఈ జాబితాలో ఒక్కటీ వివరించనక్కరలేదు.

‘నిరీక్షణ’లో దాచిన దాన్ని బాలు మహేంద్ర ఈ చిత్రంలో తెరమీద పెట్టాడు. ఎదురుచూపు ఇక్కడ కార్యాలయం బల్ల ముందు నిలబడటం, సంతకం కోసం మళ్లీ రావడం, బస్సు దిగి స్థలం దాకా నడవడం. ప్రియుడు గోపి పక్కనే ఉన్నాడు కాబట్టి విరహానికి చోటు లేదు. ఆమె ఎదురుచూసేది నాలుగు గోడల కోసం. అర్చన ఈ పాత్రలో అలసటను దశలు దశలుగా పోగుచేసింది. మొదట్లో సుధ భుజానికి సంచి తగిలించుకొనే తీరుకూ చివరి భాగంలో తగిలించుకొనే తీరుకూ మధ్య పెరిగిన బరువు సంచిది కాదు. ఏ ఒక్క సన్నివేశంలోనూ ఆమె “ఇక నావల్ల కాదు” అన్న భావాన్ని ముఖం నిండా పరచదు. అందువల్ల గుత్తేదారును నిలదీసే సన్నివేశంలో గొంతు పెరిగినప్పుడు అది ప్రేక్షకుడిని కదిలిస్తుంది. అంతవరకూ ఆ గొంతు ఆ ఎత్తుకు వెళ్లలేదు.

ఆ మోసాన్ని సుధకు తెలియజెప్పేది మంగత్తా అనే కూలి మనిషి. చిత్రంలో ఆమె ఉన్నంతసేపూ సుధ ఒక్కతే కథానాయిక అనిపించదు. మంగత్తా కట్టే ఇంట్లో మంగత్తాకు చోటు లేదన్న ఊహను చిత్రం పైకి అనదు. ఆ ఊహకు జవాబు తెలుగులో వచ్చింది. బి. నరసింగరావు ‘మట్టి మనుషులు’ (1990)లో అదే అర్చన, పల్లె విడిచి భర్తతో హైదరాబాదుకు వచ్చి ఇళ్ల నిర్మాణంలో కూలి చేసే స్త్రీగా నటించింది. మూడేళ్ల వ్యవధిలో ఒకే నటి ఇల్లు కట్టించుకొనే మనిషిగానూ, కట్టే మనిషిగానూ కనిపించడం యాదృచ్ఛికమే కావచ్చు. నటనను చదివేవారికి మాత్రం అది అరుదైన అవకాశం. ఇటుకను సుధ చూసే చూపులో ధర ఉంది. ‘మట్టి మనుషులు’లో ఇటుక చేతికి పట్టు దొరకవలసిన వస్తువు, తలకెత్తుకోవలసిన బరువు. ఎన్ని భిన్న పాత్రలు ధరిస్తే అంత బహుముఖ ప్రజ్ఞ అనుకోవడం మనకు అలవాటు. వేషం, యాస, వయసు మారితే వైవిధ్యం వచ్చినట్టే లెక్క. ఒకే వస్తువుతో రెండు వర్గాల స్త్రీలకు ఉండే సంబంధాన్ని రెండు విధాలుగా శరీరంలోకి తెచ్చుకోవడం ఆ లెక్కకు అందని వైవిధ్యం.

‘దాసి’

గడీల తెలంగాణలో దొర బిడ్డ పెళ్లయి వెళ్లేటప్పుడు వెంట ఆడపిల్లను పంపే ఆచారం ఉండేది. ఆమె ఇంటి పని చేయాలి, దొరకు, దొర అతిథులకు కూడా ఉపయోగపడాలి. ఆమెను ఆడబాప అన్నారు, దాసి అన్నారు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవల ఈ బతుకును తెలుగు సాహిత్యంలో నమోదు చేసిన ముఖ్య రచన. నవలకు కథకుడి గొంతు ఉంటుంది. జరుగుతున్నది అన్యాయమని పాఠకుడికి చెప్పగలిగిన మనిషి కథ లోపలో వెలుపలో ఉంటాడు. నరసింగరావు 1988లో ‘దాసి’ తీసినప్పుడు ఆ గొంతును తొలగించాడు. వ్యాఖ్యానం లేదు, ఉద్యమకారుడు లేడు, అలవాటైన సినిమా పాటలు లేవు. 1920ల నాటి ఒక గడీ, అందులో చిన్ననాడే అమ్ముడుపోయి వచ్చిన కమలాక్షి, ఆమె రోజు గడిచే తీరు, గర్భం, బలవంతపు గర్భస్రావం. అంతే. ప్రేక్షకుడికి ఆ బతుకు గురించి తెలియవలసినదంతా అర్చన శరీరం నుంచే తెలియాలి.

ఇదివరకటి చిత్రాల్లో ఎదురుచూపుకు ఒక వస్తువు ఉంది. తులసికి ప్రియుడు, సుధకు ఇల్లు. కమలాక్షికి ఎదురుచూడటానికి ఏమీ లేదు. రేపు నిన్నటిలాగే ఉంటుందని ఆమెకు తెలుసు. భవిష్యత్తు లేని మనిషిని నటించడం ఎలా? నటులు సాధారణంగా పాత్ర కోరికను పట్టుకొని నటిస్తారు. కోరికే కనిపించకూడని చోట అర్చన పనిని పట్టుకొంది. వాకిలి ఊడ్వడం, నీళ్లు మోయడం, దొరసాని పక్కన నిలబడటం, పిలిచినప్పుడు వెళ్లడం. ఈ పనుల్లో ఆమె వేగం పెరగదు, తగ్గదు. ఎవరో తొందర పెట్టినా, ఎవరూ చూడకపోయినా చేతులు ఒకే లయలో కదులుతాయి. ఆ లయ మొదట ఆమె నైపుణ్యంలా కనిపిస్తుంది. క్రమంగా అది ఆమె దాక్కొన్న చోటని తెలుస్తుంది. దొర పిలుపు వచ్చినప్పుడు మాత్రం లయ తెగుతుంది. చేతిలోని పని ఆగిపోవడమే ఆ చిత్రంలో అత్యాచారానికి చిహ్నం. ముఖంలో భయమో అసహ్యమో చూపవలసిన అవసరం లేకుండా పోయింది.

పురస్కారాల లెక్కలో ‘దాసి’ విజయం నటికి మాత్రమే చెందదు. ఉత్తమ తెలుగు చిత్రంతో పాటు ఛాయాగ్రహణానికి అపూర్వ కిశోర్ బీర్, కళా దర్శకత్వానికి తోట వైకుంఠం, దుస్తుల రూపకల్పనకు సుదర్శన్ అదే ఏడు జాతీయ పురస్కారాలు పొందారు. చిత్రకారుడి కన్ను ఈ చిత్రమంతటా కనిపిస్తుంది. దాని మీద ఒక అభ్యంతరం చెప్పవచ్చు. గోడల నీడ, మసక వెలుతురు, చట్రంలో అమర్చినట్టున్న స్త్రీ దేహం బాధను అందంగా మార్చడం లేదా? మాట్లాడని పీడితురాలు చూసేవాడి సానుభూతికి అనువైన వస్తువు కాదా? ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చడం న్యాయం కాదు. కొన్ని చోట్ల చిత్రం తన చట్రాన్ని తానే మెచ్చుకొంటూ ఆగినట్టుంటుంది. ఆ చోట్ల అర్చన నటన కెమెరాకు అడ్డుపడుతుందన్నది గమనించాలి. వైకుంఠం బొమ్మల్లోని స్త్రీలు నిండైన ముఖాలతో, పెద్ద బొట్టుతో చూసేవాడికి ఎదురుగా ఉంటారు. పనిలో ఉన్న కమలాక్షి వంగి ఉంటుంది. చట్రం బొమ్మను కోరుతుంటే ఆమె పనిని ఇస్తుంది. ఈ ఘర్షణ దర్శకుడు ఉద్దేశించినదా కాదా అన్నది వేరే విషయం. తెరమీద అది ఉంది.

‘దాసి’ మౌనం ఎంత కఠినమైనదో తెలియాలంటే దాన్ని శ్యామ్ బెనెగల్ ‘అంకుర్’ (1974) పక్కన పెట్టాలి. అది కూడా తెలంగాణ పల్లె కథే. భూస్వామి కొడుకు, ఇంట్లో పనిచేసే లక్ష్మి, గర్భం. దానిలో నటనకు షబానా ఆజ్మీ ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం పొందింది. రెండు భాషల్లో, పద్నాలుగేళ్ల తేడాతో, ఒకే ప్రాంతపు పనిమనిషి పాత్ర ఇద్దరు నటీమణులకు ఒకే గౌరవం తెచ్చిందన్న మాట. చివర లక్ష్మి అరుస్తుంది. ఊరంతా వినేటట్టు భూస్వామిని శపిస్తుంది. ఒక పిల్లవాడు రాయి విసురుతాడు. ‘మా భూమి’లో ఆ రాయి తుపాకీ అవుతుంది. డెబ్బయిల దశకపు చిత్రాలకు తిరుగుబాటు కథకు సహజమైన ముగింపు. కమలాక్షికి అటువంటి విడుదల లేదు. సాయుధ పోరాటానికి రెండు దశాబ్దాల ముందటి కథలో తిరుగుబాటును చొప్పించకపోవడం చారిత్రకంగా సరైనదే. నటికి మాత్రం దానివల్ల పని కష్టమైంది. అరుపు నటుడికి ఒక విశ్రాంతి. అంతదాకా దాచుకొన్నది ఒక్కసారి బయటికి వస్తుంది, ప్రేక్షకుడికీ ఊపిరి ఆడుతుంది. అర్చనకు దర్శకుడు ఆ విశ్రాంతి ఇవ్వలేదు. గర్భస్రావం సన్నివేశాల్లో కూడా ఆమె బాధను శబ్దంగా మార్చడం కంటే శరీరం తన లయను తిరిగి వెతుక్కోలేకపోవడంగా చూపింది. అంతవరకు ఏ పనినైనా చేసిన చేతులు అక్కడ ఏమి చేయాలో తెలియక పడి ఉంటాయి.

షబానా నటనను వర్ణించడానికి మనకు మాటలున్నాయి. ఆవేశం, ధిక్కారం, పతాక సన్నివేశం వంటివి. అవి నాటక విమర్శ నుంచి నేరుగా వచ్చినవి. కమలాక్షి దగ్గర ఆ మాటలు ఒక్కటీ పనికిరావు. సాత్త్వికాభినయం అన్న పాత మాట కొంత దగ్గరికి వస్తుంది గాని, స్తంభం, స్వేదం, రోమాంచం, వైవర్ణ్యం వంటి సాత్త్విక భావాలన్నీ ఉద్వేగం శరీరంపై పైకి తేలే సందర్భాలు. ఉద్వేగం పైకి తేలకుండా పని అడ్డుకొనే సందర్భానికి శాస్త్రంలో పేరు లేదు. శాస్త్రం రాసినవారికి పనిమనిషి నాయిక కాదు కనుక ఆ పేరు అవసరం కూడా పడలేదు. తెలుగు నటనా విమర్శకు ఒక కొత్త పారిభాషిక పదం కావలసివస్తే ఇక్కడినుంచి మొదలుపెట్టవచ్చు. ‘శ్రమాభినయం’ అనడంలో తప్పు లేదు. పేరు కంటే ముందు అటువంటిది ఒకటి ఉందని గుర్తించడం ముఖ్యం.

తెలిసిన సంగతిని దాచడం

36వ జాతీయ పురస్కారాల జాబితాలో అర్చన మరో విధంగా కూడా ఉంది. ఆ ఏడు ఉత్తమ చిత్రంగా ఎంపికైన మలయాళ చిత్రం ‘పిరవి’లో ఆమె మాలతి పాత్ర పోషించింది. అత్యవసర పరిస్థితి కాలంలో పోలీసుల చేతిలో అదృశ్యమైన కేరళ విద్యార్థి రాజన్ ఉదంతం ఈ చిత్రానికి ప్రేరణ. కొడుకు రఘు ఇంటికి వస్తాడని ప్రతి రోజూ ఎదురుచూసే వృద్ధుడు రాఘవ చాక్యార్‌గా ప్రేమ్‌జీ నటించాడు. ఆయన అదే ఏడు ఉత్తమ నటుడయ్యాడు. చిత్రం ఆయనదేనన్నది నిర్వివాదం. పడవ రేవు, వర్షం, కొడుకు కోసం చూసే చూపు అన్నీ ఆయన చుట్టూనే ఉంటాయి. విమర్శకులు మాలతి గురించి ఒక వాక్యం రాసి ముందుకు పోయారు.

బాలు మహేంద్ర ‘సంధ్యారాగం’ (1989)లో కూడా ఆమె స్థానం ఇటువంటిదే. ఇరుకు అద్దె ఇంట్లో గర్భిణిగా సంసారం నెట్టుకొచ్చే గృహిణి ఇంటికి ఊరినుంచి భర్త తరఫు వృద్ధ బంధువు వచ్చి చేరుతాడు. ‘వీడు’లో తాతగా నటించిన చొక్కలింగ భాగవతారే ఆ వృద్ధుడు. ప్రేక్షకుడి సానుభూతి ఆయన వైపు మొగ్గుతుంది. సరుకులు లెక్కపెట్టుకొనే ఇల్లాలి విసుగును కఠినత్వంగా కాక లెక్కగా చూపడం అర్చన పని. ఒక మనిషి పెరిగితే ఎంత బియ్యం పెరుగుతుందో తెలిసిన మనిషి ముఖం అది. వృద్ధాశ్రమం చివరికి ఎందుకు వచ్చిందో ఆ ముఖం చూసినవారికి అర్థమవుతుంది, ఎవరినీ దోషిగా నిలబెట్టవలసిన అవసరం రాదు.

‘పిరవి’ మాలతి ఇంకా క్లిష్టమైనది. తమ్ముడిని వెతుకుతూ నగరానికి వెళ్లిన ఆమెకు అతని మిత్రుల ద్వారా జరిగినది తెలుస్తుంది. తెలిసిన తరువాత ఇంటికి తిరిగి రావాలి. ఇంట్లో తండ్రి ఇంకా ఎదురుచూస్తున్నాడు. ఇక్కడ అర్చన రెండు పనులు ఒకేసారి చేయవలసి వచ్చింది. తెలిసినదాన్ని తండ్రికి తెలియనివ్వకూడదు, ప్రేక్షకుడికి మాత్రం ఆమెకు తెలుసని మరవనివ్వకూడదు. పరభాషా చిత్రంలో, తక్కువ మాటలతో, ప్రధాన పాత్ర పక్కన నిలబడి చేసిన నటన ఇది. నగరం నుంచి వచ్చాక మాలతి ఇంటి పనులు మళ్లీ అందుకొంటుంది. తండ్రి రేవు వైపు చూస్తున్నంతసేపూ ఆమె ఆ వైపు చూడదు. అన్నం వడ్డిస్తుంది, దీపం చూస్తుంది, తండ్రి చెయ్యి పట్టుకొని లోపలికి నడిపిస్తుంది. తమ్ముడి పేరు వచ్చినప్పుడు చేస్తున్న పని కొంచెం నెమ్మదిస్తుంది, ఆగదు. ఆగితే ఎందుకు ఆగిందని ఆయన అడుగుతాడు.